చిట్టిగుండెకు కొత్తావకాయ

ఇప్పుడు ఏం వండినా ముందు చిట్టిగుండెకే నైవేద్యం. ఎవరి ఒంటి కణాలతో పెంచింది వారికే, చిక్కుడు గింజంత గుండె, పేరు అంటించిన గాజుసీసాలో టుకుటుకుమని కొట్టుకుంటూ ఉంటుంది. వండినదాంట్లోంచి చుక్క వేయగానే వాచి ఎర్రబడిందంటే ఆ వంట మనకు పడదన్నమాట. పడనిది తిని వాపు మీద వాపొస్తే ఒంట్లోని అసలు గుండె గట్టిపడి మొరాయిస్తుందని అందరికీ తెలుసు.

పురుషోత్తం గుండెకు కొత్తావకాయ పడలేదు. భార్య హైమావతి తన గుండెకు వేసి చూసుకోకుండానే జాడీ అటకెక్కించింది. ఆయన ఊరుకుంటాడా? ఆవిడ స్నానానికి వెళ్లగానే సీసాల మీద పేర్లు తారుమారు చేశాడు.

"ఇంకోసారి వేసి చూడవోయ్," అన్నాడు మర్నాడు.

ఆయన పేరున్న గుండె ఎర్రబడలేదు. పురుషోత్తం వేడన్నంలో నెయ్యి వేసుకున్నాడు. ఇంతలో హైమావతి తన పేరున్న సీసాలోనూ చుక్క వేసింది. అది భగ్గున ఎర్రబడింది.

"అయ్యో, నాకే పడట్లేదండీ! మీరు తింటుంటే నోరూరి చస్తాను. ఎదురింటి వాళ్లకిచ్చేస్తా."

నిజం చెబితే ఆవిడ తింటుంటే తను చూడాలి. పురుషోత్తం సొరకాయపప్పు కలుపుకున్నాడు.

వారం తిరిగేసరికి ఎరుపు పోయింది. అలమరలో, భార్య పేరు కింద, ఆయన గుండె హాయిగా కొట్టుకుంటోంది.