మెట్ట మనిషి స్నానాలు

వెనక వాటా బాత్రూమ్‌లో మళ్ళీ నీళ్ళ చప్పుడు మొదలైంది.

మాణిక్యాంబ చేతిలోని చాట కింద పెట్టి చెవులు రిక్కించింది. ఒక చెంబు. రెండు. పది. పదిహేను దాకా లెక్కపెట్టి పళ్ళు నూరింది.

"పొద్దున్నే ఒకటి, డ్యూటీకి వెళ్ళేముందు ఒకటి, వచ్చాక ఒకటి. ఈవిడగారి కోసం పుష్కరాలు ముందే వచ్చినట్టున్నాయి," అంది భర్తతో.

వెంకటసుబ్బారావు పేపర్లోంచి తలెత్తలేదు. "పోసుకునేది ఆ అమ్మాయి వాటా నీళ్ళే కదా, మాణిక్యం."

"మీరెప్పుడూ అంతే లెండి."

ధవళేశ్వరంలో పుట్టి, ధవళేశ్వరంలోనే కాపురం చేస్తున్న మాణిక్యాంబకి నీటి కరువంటే ఏమిటో ఈ ఏడే తెలిసింది. రెండేళ్ళుగా సరైన వాన లేదు. కాలువలు ముందే కట్టేశారు. పెరట్లో నుయ్యి బురద తేలింది. రోజు విడిచి రోజు ట్యాంకర్ వస్తుంది, కాపురానికో డ్రమ్ము పోస్తుంది, పోతుంది. బెండ, గోంగూర, కనకాంబరం ఒకదాని వెనక ఒకటి మాడిపోయాయి.

మిగిలింది వెనక వాటా గోడనానుకుని ఉన్న సన్నజాజి పందిరి. అది మాత్రం పోకూడదు. ముప్పై ఏళ్ళ కిందట కాపురానికి వస్తుంటే, మాణిక్యాంబ తల్లి తడిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టిన కొమ్మ అది. తల్లి పోయింది. పుట్టింటి ఇల్లూ అమ్మేశారు. ఇక పుట్టిల్లని చెప్పుకోడానికి ఆవిడకి ఆ పందిరి ఒక్కటే ఉంది.

రోజూ దాని మొదట్లో రెండు చెంబులు పోస్తుంది. అంతకు మించి పోస్తే వంటకి ఉండవు. అయినా జాజి పచ్చగా ఉంది, మొగ్గ కూడా తొడిగింది.

"నా రెండు చెంబులకే మన్ను సాయంత్రం దాకా చల్లగా ఉంటోంది, చూశావా?" అంది ఎదురింటి సుబ్బాయమ్మతో. "చెయ్యి మంచిదవ్వాలి. మీ మొక్కలన్నీ ఎందుకు చచ్చాయంటావ్? శ్రద్ధ లేక."

సుబ్బాయమ్మ మూతి ముడుచుకుని లోపలికి పోయింది.

అద్దెకున్న హారతిది తునికి పైన ఎక్కడో మెట్ట ఊరు. రాజమండ్రిలో బట్టల షాపులో ఉద్యోగం. వచ్చిన వారంలోనే పందిరి కింద నిలబడి, "పిన్నిగారూ, నా స్నానం నీళ్ళు దీనికి మళ్ళిద్దామాండీ? మా ఊళ్ళో అలాగే చేస్తాం," అంది.

మాణిక్యాంబ ఎగాదిగా చూసింది. "మీ ఊళ్ళో ఏం చేసుకుంటారో మాకెందుకమ్మా? ఇవి దేవుడికి పెట్టే పూలు. మా అమ్మ ఇచ్చిన తీగ. ఒళ్ళు కడిగిన నీళ్ళు దీనికి పోస్తానంటావా?"

"తప్పైపోయిందండీ," అంది హారతి. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఊసెత్తలేదు గానీ, నీళ్ళంటే ఆ పిల్లకి ఒట్టి పిచ్చి. తెల్లారగానే తువ్వాలు భుజాన వేసుకుని, మైలు దూరం నడిచి గోదావరి రేవుకి పోతుంది. అక్కడ మోకాల్లోతు నీళ్ళలో మునిగొస్తుంది. రాగానే బాత్రూమ్‌లో మళ్ళీ చెంబుల మోత. పోనీ అంత శుభ్రమా అంటే, సాయంత్రం అరగంట పోసుకుని అదే చీరలో బయటికొస్తుంది.

"మెట్ట మనిషి కదండీ," అని మాణిక్యాంబ వీధి వీధంతా చెప్పింది. "నీళ్ళ మొహం ఎరగనివాళ్ళకి నీళ్ళు దొరికితే ఇంతే."

ఒకనాడు ఇక ఆగలేకపోయింది.

"చూడమ్మాయ్, నా మొక్కకి రెండు చెంబులు పొయ్యడానికి నేను కిందా మీదా పడుతున్నాను. పక్కనే నువ్వు డ్రమ్ము డ్రమ్మంతా ఒంటి మీద పోసుకుంటుంటే చూడలేను. ఒకటో తారీఖుకి ఖాళీ చెయ్."

హారతి పందిరి వైపు ఒకసారి చూసింది. "వానలు పడేదాకా ఉండనివ్వండి, పిన్నిగారూ. తర్వాత మీరు చెప్పక్కర్లేకుండా నేనే వెళ్ళిపోతాను."

"వానలు పడేదాకా నీ జలకాలాటలు నేను చూస్తూ కూర్చోవాలా?"

ఒకటో తారీఖున హారతి ఆటోలో సామాను వేసుకుని, తాళం చెవి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ వాటా డ్రమ్ము ఆగిపోయినా, పీడ వదిలిందనుకుంది మాణిక్యాంబ.

వారం తిరిగేసరికి జాజి ఆకు పసుపు రంగుకి తిరిగింది. పదో రోజుకి మొగ్గలు రాలాయి. రెండు చెంబులు నాలుగు చేసింది, వంట నీళ్ళు కూడా తెచ్చి పోసింది. మన్ను మధ్యాహ్నానికే పగుళ్ళిచ్చింది. మాణిక్యాంబకి ఏడుపొచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది.

"పోతూ పోతూ దిష్టి పెట్టి పోయింది," అని ఎండుమిరపకాయలు తీగ చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది.

కొత్తవాళ్ళు చేరేలోగా బాత్రూమ్ గచ్చు బాగుచేయిద్దామని తాపీమేస్త్రి సామ్యేలుని పిలిచింది. "నాలుగు నెలలు ఏకధాటిగా స్నానాలే. నాచు బెత్తెడు మందాన పట్టి ఉంటుంది, బాగా గీకు," అని తాళం చెవి ఇచ్చి, తను పందిరి కింద రాలిన ఆకులు ఊడుస్తూ నిలబడింది.

సామ్యేలు లోపలికి వెళ్ళిన నిమిషానికే గుమ్మంలోకి వచ్చాడు.

"నాచెక్కడిదండీ అమ్మగారూ, గోడ మేకుకి గరాటు కట్టి, దానికి పైపు తగిలించి, గోడ కన్నంలోంచి పైకి కనబడకుండా మన్ను కిందుగా మీ జాజి మొదట్లోకి దింపేశారు గానీ, ఈ గచ్చు మీద నెలల తరబడి ఎవరూ ఒక్క చెంబు కూడా పోసుకున్న జాడ లేదండి."