ఏసీ ఆపొద్దు

పలాసలో కరెంటు పోతే వార్త కాదు, వస్తే వార్త. ఆ మే నెల ఆదివారం పొద్దున్నే పోయింది. మధ్యాహ్నం రెండైనా అతీగతీ లేదు.

జీడిపప్పు కంపెనీకి సెలవు. వెనకాల జనరేటర్ ఒక్కటే మోగుతోంది. అది మోగినంతసేపే సర్వర్ గదిలో ఏసీ నడుస్తుంది. ఆ గది తలుపు ముందు కుర్చీ వేసుకుని త్రినాథ్ కూర్చున్నాడు.

త్రినాథ్ ఆ కంపెనీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. పేరు పెద్దదే గానీ, ఫ్యాను తిరక్కపోయినా అతన్నే పిలుస్తారు. తనలాంటి వాళ్ళ కోసం ఇంటర్నెట్లో వారం వారం వచ్చే వార్తల మెయిల్‌ని ప్రింటు తీసి, పనికొచ్చే కాగితం తలుపుకి అంటించడం అతని అలవాటు. ఈ వారం కాగితం చెప్పేది ఒకటే. కరెంటు లేనప్పుడు అక్కర్లేనివన్నీ ఆపేసి, ఉన్నదంతా ఏసీకే ఇవ్వండి. త్రినాథ్ పొద్దున్నే లైట్లు, ఫ్యాన్లు, కంప్యూటర్లు అన్నీ ఆపేశాడు.

కలకత్తా నుంచి భానుప్రకాష్ రావాలి. అతనొచ్చి చూసేదాకా గది వేడెక్కకూడదు. వేడెక్కాక అతనొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

ఫోన్ మోగింది. విశాఖపట్నం నుంచి యజమాని వైకుంఠరావు.

"ఏటయ్యా, సెలవు పూట డీజిలు తగలేత్తన్నావంట? ఆ సర్వర్ ఆపీరాదా?"

"ఆపేశానండి. ఏసీ మాత్రం ఆపలేను."

"ఓరి నాయనో! సర్వర్ ఆపీసినాక ఏసీ ఎందుకయ్యా?"

త్రినాథ్ ఫోన్ పెట్టేశాడు. యజమాని మాట్లాడుతుండగా పెట్టేయడం ఇదే మొదలు. భయం వేయాలి. వేయలేదు. నిన్నటి నుంచి ఏదీ వేయడం లేదు, ఆకలితో సహా.

వాచ్‌మన్ పోలారావు చెప్పులు దూరంగా విప్పి వచ్చాడు. ఆ గదంటే అతనికి గుడి లెక్క. దసరాకి సర్వర్‌కి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టేది అతనే. ఇప్పుడూ చేతిలో వెలిగించిన అగరొత్తులున్నాయి. లోపల పొగ పెట్టొద్దని త్రినాథ్ ఎన్నిసార్లు కేకలేశాడో! ఇవాళ మాత్రం తనే తలుపు తీసి పట్టుకున్నాడు.

బయటికొచ్చి పోలారావు అన్నాడు. "ఇంటికెల్లి తానమైనా సేసి రాండి బాబూ. నానుంతాను."

"అంతా అయ్యాక చేస్తాను."

"పొద్దుగూకితే ఇంక రేపే బాబూ."

"రేపటిదాకా ఆగదు పోలారావ్."

మళ్ళీ ఫోన్. ఈసారి ఇచ్ఛాపురం స్టేషన్ బూత్ నుంచి భానుప్రకాష్.

"బావా, ముందెల్లిన గూడ్సు పట్టాలు తప్పిందట. రైలాగిపోయింది. లారీ పట్టుకుని వచ్చీత్తాను. నాను సూడకుండా ఏటీ కదిపీకు బావా."

"కదపను. రా."

మాట ఇచ్చి ఇంకా గంట కాలేదు, జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డీజిల్ అయిపోయింది. కరెంటు లేక బంకూ మూసేశారు. త్రినాథ్ గోనెసంచులు తెచ్చి తలుపు కింది సందులో కుక్కాడు. తలుపుకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. చల్లదనం ఇంకా ఉంది. ఎంతసేపుంటుందో ఏ కాగితమూ చెప్పలేదు.

పోలారావు ఎటు పోయాడో అనుకునేలోగా డబ్బాతో వచ్చాడు. మూతి తుడుచుకుంటున్నాడు. ఒళ్ళంతా డీజిల్ కంపు.

"ఎక్కడిది?"

"అయ్యగారి జీపులోది. గొట్టమెట్టి లాగీసినాను."

"ఉద్యోగం పోతుంది పోలారావ్."

"పోతే పోద్ది బాబూ. జీడిపిక్కలేరుకుని బతుకుతాను. మీరా మూత తియ్యండి ముందు."

జనరేటర్ మళ్ళీ మోగింది. త్రినాథ్ వెళ్ళి అదే కుర్చీలో, అదే కాగితానికి ఎదురుగా కూర్చున్నాడు.

జీడిపిక్కల లారీ ఒకటి గేటు ముందు ఆగేసరికి ఎండ ఇంకా ఉంది. భానుప్రకాష్ సంచీ అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాడు. గది ముందు ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు. తలుపు మీద చెయ్యి వేశాడు.

"సల్లగానే ఉంది బావా."

"ఉంచాను" అన్నాడు త్రినాథ్, తలుపు తీస్తూ.

ఆపేసిన సర్వర్ల పక్కన, రెండు బల్లలు కలిపి పడుకోబెట్టిన తన అక్క హేమలత ముఖం మీంచి భానుప్రకాష్ తెల్లగుడ్డ తీశాడు.