పన్నెండు బస్తాల మడి

"ఫోను పెట్టెయ్యండి. ఆ లెక్క నేను చేస్తాను," అంది టీచరమ్మ.

వడ్రంగి చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. అవతల మొక్కల దుకాణం వాడు, "మడి కొలతలు చెప్పండి సార్, ఎన్ని బస్తాల మట్టి పడుతుందో నేను చెప్పేస్తా" అంటూనే ఉన్నాడు.

"నీకెందుకే శ్రమ? వాడికి రోజూ ఇదే పని."

"నాకు మాత్రం? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇదేగా పని!"

వీధిలో పిల్లలందరికీ ఆమె లెక్కలు చెప్పేది. అందుకే మొగుడైన ఈ వడ్రంగి కూడా టీచరమ్మా అనే పిలుస్తాడు. మెదడులో రక్తం గడ్డకట్టి ఆస్పత్రి పాలై ఇంటికొచ్చాక మాట తిరిగొచ్చింది, తడబడుతూనే అయినా నడకా వచ్చింది. ఎడమ చేతికి ఇంకా పట్టు చిక్కలేదు. అంకెల సంగతే ఎవరికీ తెలియదు. అడగడానికి వడ్రంగికి నోరు రాలేదు.

"ఈ లెక్క సరిపోతే సోమవారం నుంచి ట్యూషన్లు మళ్ళీ మొదలెడతా. తప్పిందా, ఆ నల్లబోర్డు అటకెక్కించెయ్యండి," అంది టీచరమ్మ.

వడ్రంగి ఆమె వెంట పెరట్లోకి నడిచాడు.

అక్కడ ఆమె కూర్చునే మొక్కలు పెంచుకోవాలని అతను కట్టిన చెక్క మడి ఉంది. పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు, ఎత్తు ఒకటిన్నర. అరడుగు పలకలు మూడు వరసలుగా, మూలల్లో గుంజలకి బిగించి, మర తలలు కనబడకుండా జిగురూ రంపంపొట్టూ కలిపి పూడ్చాడు. వేలితో తడిమినా అతుకు తెలియదు. ఎరువూ కొబ్బరిపొట్టూ కలిపిన మట్టి బస్తా ఒక్కోటి రెండు ఘనపుటడుగులు. టీచరమ్మ మడి పక్కన పొట్టి స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి.

"పన్నెండు."

పుట్టినప్పట్నుంచీ కొలబద్ద వదలని మనిషికి వెంటనే తెలిసిపోయింది. పద్దెనిమిది పట్టాలి. ఎత్తులో ఆ అరడుగు ఆమె బుర్రలోంచి జారిపోయింది.

"ఎత్తు ఒకటిన్నర కదే... ఇంకోసారి చూసుకోరాదూ?"

"చూసుకున్నా. పన్నెండంటే పన్నెండే. ఒక్కటి ఎక్కువ తెచ్చినా ఊరుకోను. ఖాళీ బస్తాలు పారెయ్యకండి, లెక్కపెడతాను."

వడ్రంగి ఫోన్లో పన్నెండే చెప్పాడు. "నీళ్ళు పడితే మట్టి కుంగుతుంది సార్, ఒకటి రెండు ఎక్కువే వేసుకోండి" అని దుకాణం వాడు నసిగితే కసురుకున్నాడు కూడా.

మధ్యాహ్నం టీచరమ్మ చెల్లెలు వచ్చి ఆమెని చేతికి వ్యాయామం చేయించడానికి తీసుకెళ్ళింది. వడ్రంగి దుకాణం నుంచి వచ్చిన బస్తాలన్నీ కుమ్మరించి చూశాడు. రెండో వరస పలకల దాకా వచ్చి మట్టి ఆగిపోయింది. పై వరస బోసిగా నిలబడి వెక్కిరిస్తున్నట్టుంది. ఆమె వస్తుంది, చూస్తుంది, మారుమాట లేకుండా లోపలికెళ్ళి నల్లబోర్డు గోడ మీంచి దింపుతుంది. ఆ దృశ్యం అతను చూడదలచుకోలేదు.

మరలు తీసే పనిముట్టు వంక చూశాడు.

ఇక్కడ ఈ వడ్రంగి సంగతి కాస్త చెప్పుకోవాలి. ఒకసారి బిగించిన పలకని విప్పడమన్నది అతని చరిత్రలోనే లేదు. బీరువా గుమ్మంలో పట్టలేదని ఒకాయన లబోదిబోమంటే, "బీరువా సరిగ్గానే ఉంది, మీ గుమ్మం తీయించుకోండి" అని చక్కా వచ్చిన ఘనుడు. బతిమాలినా, బెదిరించినా వినేవాడు కాదు. నా పనికి వంకా అని మీసం మెలేసేవాడు.

ఆ మనిషే ఇవాళ మోకాళ్ళ మీద కూర్చుని, తను పూడ్చిన మరల్ని తనే ఉలితో తవ్వుకున్నాడు. పై వరస నాలుగు పలకలూ ఊడదీశాడు. గుంజల తలలు కోసి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. రెండు వరసలే మిగిలాయి. అసలు అరడుగే గుర్తులేని మనిషి ఎత్తు కొలవొస్తుందా ఏమిటి! ఊడిన పలకల్ని షెడ్డులో పాత తలుపుల వెనక్కి తోసి, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు గుమ్మంలో నిలబడ్డాడు.

టీచరమ్మ రాగానే పెరట్లోకి నడిచింది. మట్టి పలక అంచుకి సరిగ్గా సమానంగా ఉంది. ఖాళీ బస్తాలు మడత విప్పి మరీ లెక్కపెట్టింది.

"పన్నెండు!" అన్నాడు వడ్రంగి, పరీక్ష తనే పాసైనంత సంబరంగా. "ఒక్క గుప్పెడు మిగల్లేదు, ఒక్క గుప్పెడు తక్కువ కాలేదు. మా టీచరమ్మ లెక్కంటే మజాకానా! పిల్లల్ని రమ్మను, నేనే బోర్డు తుడిచి పెడతా."

తన పనిని తనే పాడుచేసుకున్నందుకు బాధ పడాల్సింది పోయి, ఛాతీ ఎందుకో రెండింతలైంది. ఇన్నేళ్ళ చెక్కపనిలో ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

టీచరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. కుడిచెయ్యి చాపింది. మడి నడిమధ్య మట్టిని వేళ్ళతో పొడిపొడిగా చిదిపింది. మొగుడి వంక చూసి, చాన్నాళ్ళకి మనసారా నవ్వింది.

"సోమవారం రమ్మని పిల్లలకి నిన్ననే కబురు పెట్టేశానండీ. మరేం చెయ్యను, ఆ ఎత్తైతే ఈ స్టూలు మీంచి నాకు చెయ్యి అందదు! పద్దెనిమిది బస్తాల మడికి పన్నెండని చెప్పకపోతే, మీరు బిగించిన పలకని మీ చేతే ఊడబీకించడం ఎవరి తరం మేస్త్రిగారూ?"