ఉత్త దొడ్డిలో దొరసాని

"రెండున్నాయి తాతా. కవలలు," అంది డాక్టరమ్మ, స్కానింగు తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

గొర్రె మెడ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్న కాపరి తాత గబుక్కున తెర వైపు వంగాడు. బూడిదరంగు మసక తప్ప ఏమీ కనిపించలేదు. అయినా దూరపు చుట్టాల్ని పోల్చుకున్నట్టు తల ఊపాడు.

"విన్నావా దొరసానీ? కడుపు పండింది," అన్నాడు దాని చెవిలో.

దొరసాని అతను పెట్టిన పేరే. మిగతావన్నీ మేత కోసం తోసుకుంటుంటే ఇది మాత్రం పిలిస్తేగాని రాదు. రెండేళ్లుగా చూలు నిలవలేదు. ఈసారీ నిలవకపోతే కోతకు పంపెయ్యమన్నాడు యజమాని. పనివాళ్లంతా ఇళ్లకు పోయాక, తాత తన గది గుమ్మంలో కంచం ఒళ్లో పెట్టుకుని కబుర్లు మొదలుపెడితే, ఎదురు దొడ్డిలోంచి చెవులు రిక్కించేది ఇదొక్కటే. మధ్యలో అడ్డు రాదు, సలహాలివ్వదు. అంతకన్నా ఏం కావాలి?

"ఇంతకీ ఇది ఏ దొడ్డిది?" అంది డాక్టరమ్మ.

"ఉత్త దొడ్డిదమ్మా."

ఒక దొడ్డి గొర్రెలకు దాణాలో మినరల్ పొడి కలపాలి, రెండో దొడ్డికి ఉత్త దాణాయే వెయ్యాలి. చూళ్లు ఎక్కడ ఎక్కువ నిలుస్తాయో చూడాలి. ఏడాదిగా డాక్టరమ్మ చేస్తున్న పరీక్ష అదే.

ఆమె ముఖం వెలిగిపోయింది. "పొడి ముట్టకుండానే కవలలా? ఇలాంటి గొర్రె కోసమే మేలుజాతి పిల్లల్ని పెంచే పెద్ద ఫారం వాళ్లు కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారు. రేపు దాణా బండి వస్తుందిగా, తిరిగెళ్లేటప్పుడు అందులో ఎక్కించేద్దాం."

"మళ్లీ ఎప్పుడు తీసుకొస్తారమ్మా?"

"అత్తారింటికి పంపుతున్నాననుకో తాతా."

"అత్తారింటికి వెళ్లిన పిల్లయినా ఎప్పుడో ఓసారి పుట్టింటికొస్తుంది."

డాక్టరమ్మ నవ్వింది. దొరసాని అలవాటుగా అతని చొక్కా జేబులో మూతి పెట్టి వెతుక్కుంది.

తాత లోలోపల లెక్కలు వేసుకున్నాడు. నోరు మెదపకపోతే ఇది రేపే పోతుంది. నిజం చెబితే పెద్ద ఫారం వాళ్లకు అక్కర్లేదు. కడుపుతో ఉంది కనక కోతకూ పోదు. ఇక్కడే ఉంటుంది. తిట్లంటారా, ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్యొచ్చు.

"ఇదీ పొడి తిన్నదేనమ్మా," అంటూ జేబు తిరగేశాడు. కాస్త గులాబిరంగు పొడి నేల మీద రాలింది. "రోజూ నేనే పెట్టాను."

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. "ఇంకా ఎన్నింటికి?"

"దీనికొక్కదానికే. ఒట్టు."

"ఎందుకు?"

"కోతకు పంపేస్తారని." నేల చూపులు చూస్తూ అన్నాడు. "నాకు మాట్లాడేందుకు ఇంకెవరూ లేరమ్మా."

ఆమె మిషను ఆపి, ఫోను తీసుకుని బయటికి నడిచింది.

తాత దొరసాని నుదురు నిమిరాడు. "గండం గడిచిందే. ఇక తీరిగ్గా నీ పిల్లలకు పేర్లు వెతుకుదాం." అది అతని అరచేతిలోకి వెచ్చగా ఊపిరి వదిలింది.

కాసేపటికి డాక్టరమ్మ తిరిగొచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు.

"పెద్ద ఫారం వాళ్లు గొర్రె వద్దన్నారు. ఇక్కడే ఉంటుంది."

తాత ముఖం చేటంతయింది. "చల్లగా ఉండమ్మా."

"యజమానితోనూ మాట్లాడాను," అంది ఆమె, దొరసాని మెడ మీంచి అతని చేతిని మెల్లగా తీసేస్తూ. "రేపు ఆ దాణా బండిలో మీరు వెళ్లండి. సామాను ఇప్పుడే సర్దుకోండి."