రెండో డబ్బా

“ష్! ఆ కడియం చప్పుడు ఆపు!”

ఆ మాట వినపడగానే ఆవిడ చేతిలోని గిన్నె సింకులో ఇంకాస్త గట్టిగా పడింది. పడలేదు, కావాలనే పడేసింది.

పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు. ఇన్నేళ్ళలో మొగుడి నోట ఆవిడ ఎక్కువగా విన్న మాట ‘ష్’. వీధిలో పిల్లలు కూడా ఆయన్ని చాటుగా ‘ష్ గారు’ అనే అంటారు. ఆయన రికార్డు పెట్టాడంటే ఇంట్లో ఫ్యాను తిరగకూడదు. కుక్కరు కూత వేయకూడదు. పెళ్ళాం చేతికున్న వెండి కడియం దేనికీ తగలకూడదు.

“సబ్బు రాసుకుని తీసి పారెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను?” హాల్లోంచి మళ్ళీ అరిచాడు.

“రాసి చూశాను. రాదు. చిన్నప్పుడు మా అమ్మ వేసింది. చెయ్యి పెరిగింది, అది పెరగలేదు.”

“చెయ్యే కాదు, నోరూ పెరిగింది.”

ఆవిడకి ఒళ్ళు మండింది. చేతులు తుడుచుకుని, విసవిసా హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఆడియో షాపతను నేల మీద కూర్చుని వైర్లు కలుపుతున్నాడు. పక్కన రెండు చిన్న డబ్బాలు. ఫోనో ప్రీయాంప్‌లు. రికార్డు మీద ముల్లు పట్టుకొచ్చే శబ్దం చీమ గొంతంత ఉంటుందట. దాన్ని పెంచి యాంప్లిఫయరుకి అందించేది ఈ డబ్బానే. పాతది మొన్న కాలిపోయింది. కొత్తది ఇంట్లోనే విని ఎంచుకుంటానని ఈయన షాపతని ప్రాణం తోడేసి మరీ రప్పించాడు.

వినడానికి పెట్టేది మాత్రం ఒకే ఒక్క పాట. ఇంకే పాటా ఆయన చెవికి ఆనదు. రికార్డు అట్ట మీద పేరున్న గాయని ఒకావిడ నవ్వుతూ ఉంటుంది. ఆ నవ్వు చూస్తే చాలు, ఈ ఇల్లాలికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పెళ్ళయిన కొత్తలో ఈ పాట గురించే ఏదో చెప్పబోతే ఆయన పడీ పడీ నవ్వాడు. మర్నాడు ఆఫీసులో చెప్పి పదిమందినీ నవ్వించాడు. ఆ తర్వాత ఆవిడ ఆ ఊసెత్తలేదు. ఎప్పుడైనా పని చేసుకుంటూ ఆ పల్లవి కూనిరాగం తీస్తే, “ఖూనీ చేయకు” అంటాడు.

మొదటి డబ్బా తగిలించారు. పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు మెత్తగా వచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

“ఆహా! గొంతంటే ఇదీ!”

“రెండోది కూడా వినండి సార్. రికార్డులో ఏముంటే అది వినిపిస్తుంది,” అన్నాడు షాపతను.

రెండో డబ్బా తగిలించారు. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. రెండో చరణానికి ముందు కాగితం తిప్పిన సవ్వడి వచ్చింది. ఆ వెంటనే... ఠంగ్!

“ఆపవే నీ కడియం!” ఆయన లేచి నిలబడ్డాడు. “పరాయి మనిషి ముందైనా పరువు దక్కనివ్వవా?”

“కళ్ళు తెరిచి చూడండి. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.”

నిజమే. కడియాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది. షాపతను ముల్లు వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ సరిగ్గా అక్కడే ఠంగుమంది.

“రికార్డులోనే ఉంది సార్. ఎవరి చేతిదో కాగితాల స్టాండుకి తగిలినట్టుంది. మీ పాత డబ్బా మింగేసేది, ఇది దాచడం లేదు.”

ఆయన మొహం మాడిపోయింది. ఇన్నేళ్ళు నెత్తిన పెట్టుకున్న పాటలో మచ్చ!

“అంత గొప్ప గాయని మైకు ముందు ఇలాంటి పని చేస్తుందా? పక్కనున్న ఏ కోరస్ పిల్లో అయ్యుంటుంది. ఆ బుద్ధిలేనిది ఎదురుపడితే చెంప పగలగొట్టేవాణ్ణి! ఆ రెండోది నాకొద్దు, పట్టుకుపో. మొదటిదే ఉంచు.”

“రెండోదే ఉంటుంది,” అంది ఆవిడ.

ఆయన విననట్టే షాపతనికి సైగ చేశాడు. ఆవిడ లేచి వెళ్ళి రెండో డబ్బా మీద చెయ్యి వేసింది. ఇది గడప దాటిందంటే ఆ ఠంగు ఈ ఇంట్లో మళ్ళీ వినపడదు. వినపడి తీరాలి. రోజూ, ఈయన చెవిలోనే.

“నా మీద కసితో నా పాట పాడుచేస్తావా?”

“మీ పాటా?”

“ష్!”

“మీరే ష్!”

ముప్ఫై ఏళ్ళలో ఆ మాట అటునుంచి రావడం ఇదే మొదలు. షాపతను వైరు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆయన ఒక అడుగు ముందుకేశాడు.

“సంగీతం గురించి నీకేం తెలుసే? ఇదే ఎందుకు ఉండాలో ఒక్క కారణం చెప్పు చూద్దాం!”

ఆవిడ మొగుడి వైపు చూడను కూడా లేదు.

“రెండోదే బిగించు బాబూ, అట్ట మీదున్నావిడకి ఆ రోజు గొంతు పోతే కోరస్‌లో ఉన్న నన్ను లాక్కొచ్చి మైకు ముందు నిలబెట్టి పాడించారు గానీ, ఎంత సబ్బు రాసినా ఈ కడియం మాత్రం రాలేదు!”