మంజరికి శాలువా

రాజోలి ఊరి నుంచి బాలమ్మ మూడోసారి వచ్చేసరికి నిరంజన్‌కు ఒళ్ళు మండింది.

గద్వాలలో సన్మాన సభ ఆదివారమే. అలనాటి నటి మంజరిది ఈ జిల్లాయేనని ఎక్కడో చదివి, ఆమెకు శాలువా కప్పుతామని తొందరపడి ప్రకటించేశాడు. పల్లెల్లో నాటకాలాడి, మద్రాసు వెళ్ళి, ఒకే ఒక్క సినిమాలో నటించి, 1959లో అది విడుదలయ్యేలోపే మాయమైన మనిషి. అసలు పేరు ఎవరికీ తెలియదు. ఇంకేం, నలుగురు ముసలమ్మలు నేనే మంజరినంటూ దిగారు. ముగ్గురు ఇట్టే దొరికిపోయారు. బాలమ్మ మాత్రం వదిలేలా లేదు.

ఫోటోలు అడిగితే తుంగభద్ర వరదలో పోయాయంటుంది. ముఖం చూసి పోల్చుకుందామా అంటే, ఎనభై ఏడేళ్ళ ముఖంలో ఇరవై ఏళ్ళ పిల్లను ఎవడు వెతుకుతాడు? సినిమాలో బొమ్మ కూడా మసకే. మాట మాత్రం ఖంగుమంటుంది. అందుకే గొంతు పరీక్ష పెట్టాడు.

ఫోన్‌లో మంజరి డైలాగు వినిపించాడు. “ప్రభూ, నా నేరమేమిటో చెప్పి శిక్షించండి.”

అది విని బాలమ్మ తెల్లబోయింది. కొంగు సర్దుకుని నిలబడింది.

“ప్రబూ, నా నేరమేందో చెప్పి శిచ్చించుండ్రి.”

సన్మాన కమిటీ అంతా పడీపడీ నవ్వింది.

“మంజరి గిట్ల మాట్లాడుతదా అవ్వా? నీది మా అమ్మ మాట లెక్కనే ఉంది,” అన్నాడు నిరంజన్ విసుగ్గా.

“నాకు శాలువ వద్దు బిడ్డా. సినిమాల చేసిన అంటే మా నిరోష నమ్మదు. నేను సచ్చేలోపల నా మనుమరాలు ఒక్కసారి నమ్మాలె.”

ఎవరి గోల వారిది. నిరంజన్ ఆమెను ఆటో ఎక్కించి పంపేశాడు.

శనివారం వనపర్తి నుంచి ఒక పెద్దావిడ మంజరి సినిమా గురించి ఫోన్ చేసింది. ఆ డైలాగు చెప్పింది మీరేనా అని అడిగాడు. నేనేనంటూ ఆమె చెప్పి వినిపించింది. వయసు మీదపడ్డా అదే పలుకు, అదే విరుపు. నిరంజన్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇంకేమీ అడగకుండా కారు పంపేశాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. బాలమ్మ మళ్ళీ వచ్చింది. ఎక్కడ అల్లరి చేస్తుందోనని ఆమెను చివరి వరుసలో కూర్చోబెట్టించాడు. పక్కన నిరోష సిగ్గుతో తల దించుకుంది.

“పోదాం పా అవ్వా, ఇజ్జత్ పోతుంది,” అంది.

వేదిక మీద వనపర్తి పెద్దావిడ ఆ డైలాగు చెప్పగానే హాలంతా చప్పట్లు. నిరంజన్ శాలువా విప్పాడు. ఆమె దాన్ని చేత్తో ఆపి, హాలంతా కలయజూసి, మైకులో అడిగింది.

“మంజరి మీ రాజోలి అమ్మాయే కదా, యాస బాగాలేదని ఆమెకు తెలియకుండా సినిమా కంపెనీ వాళ్ళు ఆ మాటలు నా గొంతుతో చెప్పించారు, మరి ఆమెను పిలవలేదా?”