తాడు పట్టే పని

"కూర్చో అంజయ్యా, ఈ ఫోను అయిపోనీ," అని మేనేజరు నరసరాజు మళ్లీ రిసీవరు చెవికి ఆనించాడు. అవతల హైదరాబాదు పెద్దాఫీసు వాళ్లు. ఇప్పట్లో తెమిలేలా లేదు.

అంజయ్య కూర్చున్నాడు. మంచిదే, చెప్పాల్సింది మరోసారి కూడబలుక్కోవచ్చు అనుకున్నాడు. అటెండరు టీ తెచ్చాడు. కుర్చీ, ఫ్యాను గాలి, గాజు గ్లాసులో టీ. యాదన్నకు రోజూ దొరికే మర్యాద ఇదే కదా అని కుళ్లుకున్నాడు. ఆ మర్యాద కాసేపు తనకూ ఉండాలని టీ చల్లారేదాకా మెల్లగా తాగాడు.

ఇద్దరిదీ ముత్తంగి ఊరే. పాశమైలారంలోని ఈ మందుల కంపెనీలో ఒకేరోజు పనికి కుదిరారు. యాదన్న ట్యాంకులు కడిగే జట్టుకు లీడరయ్యాడు. అంజయ్య మాత్రం అంజయ్యలాగే ఉండిపోయాడు. నల్లా దగ్గర ఆడవాళ్లు యాదన్న భార్యకు ముందు జాగా ఇస్తారని అంజయ్య భార్య కౌసల్యమ్మ ఇంట్లో రోజూ సాధిస్తుంది. పొద్దున అందరి ముందూ యాదన్న మళ్లీ తాడే తెచ్చి అతని చేతిలో పెట్టాడు. ఇక ఓర్చుకోవడం అంజయ్య వల్ల కాలేదు.

ఫోను పెట్టేసి, "ఊఁ, చెప్పు," అన్నాడు నరసరాజు.

"యాదన్న నన్ను తొక్కిపెడుతున్నడు సార్. ఏ ట్యాంకు కడిగినా మొదలు ఆయనే దిగుతడు. బయటికొచ్చినంక గ్యాసుకు ఇరుగుడని ఇచ్చే బెల్లం ముక్క ఆయనకే, పొగుడుడు ఆయన్నే. నేనేమో మీద తాడు పట్టుకొని నిలవడాలె."

"ఆ తాడు రెండో కొస అతని నడుముకే కదా ఉండేది?"

"ఉంటేంది సార్? బర్రె పలుపైతే గుంజకు గట్టి ఇంకో పని జూసుకుంటం. ఇది వట్టి నిలవడుడే. ఒక్కపారన్న నన్ను దిగనియ్యడు. తాడు ఇంకొకలకు ఇయ్యమంటే ఇయ్యడు. నేను దిగితే నాకు పేరొస్తదని ఆయన భయం."

"అయితే నీకు లీడరు పని కావాలి."

"ఆయనకన్న నేనేం తక్కువ సార్?"

నరసరాజు నవ్వాడు. "నిన్న ఆ కుర్చీలోనే కూర్చొని యాదన్న కూడా ఇదే మాట అన్నాడు."

అంజయ్యకు అర్థం కాలేదు.

"అతన్ని కొత్త ప్లాంటుకు పంపుతున్నాం. 'నీ తర్వాత లీడరు ఎవరయ్యా' అని అతన్ని అడిగితే నీ పేరే చెప్పాడు. 'లోపల గ్యాసు తగిలితే నోరు లేవదు సార్, తాడు గుంజుడొక్కటే దిక్కు. గందుకే అంజయ్య పట్టుకుంటెనే నేను దిగుత. పానం పోయినా వాడు తాడిడిచి జరగడు' అన్నాడు. లీడరంటే అలాంటివాడే కావాలట."

ఈ మనిషిని చూసా ఇన్నాళ్లూ ఏడ్చింది అనిపించి అంజయ్య తల వంచుకున్నాడు.

"పోయి యాదన్నను కూడా పిలుచుకురా. ఇద్దరికీ కలిపే చెప్తాను. ఎక్కడున్నాడు?"

"ట్యాంకులకు దిగిండు, సార్."

నరసరాజు ముఖంలో నవ్వు ఆగిపోయింది. "మరి తాడు ఎవరి చేతిలో ఉంది?"

"పైపుకు గట్టొచ్చిన, సార్."